పరుగు మీద ఆపిన ఇంజను

చెయ్యలేదని మొత్తుకునేవాడి నోట నిజం రాబట్టడం డిటెక్టివ్ మల్హర్‌రావుకు అలవాటే. చేశానని మొండికేసి కూర్చున్నవాడితో ఎలా వేగాలో మాత్రం ఇన్నేళ్ల వృత్తిలో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

“నేనే సారు. డీజిల్ ఎక్కువ ఇడిసిన. ఇంజను పలిగింది. నా బామ్మర్ది సచ్చిండు. ఇంకేం గావాలె మీకు?” అన్నాడు సాంబయ్య, లాకప్ గోడకు జారగిలబడి.

రెండు రోజులుగా పోలీసులకు కూడా ఇదే పాట పాడుతున్నాడు. పోలీసులకు అంతకంటే కావలసింది ఏముంది? సాయంత్రం హుజూరాబాద్ మేజిస్ట్రేటు ముందు నిలబెడితే వాళ్ల పని అయిపోతుంది.

జమ్మికుంట రోడ్డు మీద శ్రీధర్‌రావు డీజిల్ షెడ్డుంది. పత్తి మిల్లుల ఇంజన్లు బాగుచేస్తూ మొదలై, ఈమధ్య డబ్బున్నవాళ్లు బొంబాయి నుంచి తెప్పించుకునే విదేశీ టర్బో కార్ల దాకా ఎదిగింది. కారు ఇంజను విప్పి టెస్టు బెంచీకి బిగిస్తారు. పంపులో డీజిల్ స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ బలం పెంచుతారు. బెంచీ చివర నీళ్లతో నిండిన బ్రేకు ఒకటి ఇంజనుకు అడ్డుపడుతూ, గుట్ట ఎక్కుతున్నంత కష్టం దానికి పుట్టిస్తుంది. అలా ఒక గ్రానైటు వ్యాపారి కారు ఇంజను పరీక్షిస్తున్నప్పుడు మొన్న మధ్యాహ్నం అది అదుపు తప్పి పగిలింది. ఇనుప ముక్క ఎగిరివచ్చి ఫిట్టర్ హనుమంతు గుండెల్లో దిగింది. హనుమంతుకు ఇరవై మూడేళ్లు. సాంబయ్య భార్య చంద్రవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు.

ఆ చంద్రవ్వే నిన్న కరీంనగర్‌లో మల్హర్‌రావు ఆఫీసు మెట్ల మీద కూర్చుని, ఆయన వచ్చేదాకా కదల్లేదు. “మా ఆయన ఇంజన్ల కాడ తప్పు చెయ్యడు సారు. నా తమ్మున్ని సంపిందెవ్వరో నాకు ఎరుక గావాలె” అంది. ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి అయిపోయిన మొహం అది. మల్హర్‌రావు ఫీజు సంగతి ఎత్తకుండానే బస్సెక్కాడు.

“సాంబయ్యా, నేను నిర్మల్ నుంచి వచ్చినోన్ని. ఈ దందాలకు రాకముందు ఎనిమిదేండ్లు బొగ్గుగనుల డంపర్లకు టర్బోలు బిగించిన” అన్నాడు మల్హర్‌రావు, ఊచల ముందు గొంతుక్కూర్చుని. “నాకు గీ కథలు చెప్పకు. ఆ దినం పొగ ఏ రంగుండె?”

సాంబయ్య తల ఎత్తాడు. ఆ చూపులో భయం కనిపించింది. మూడు రోజుల గడ్డం వెనక దవడ కదిలింది.

“నల్లగనే ఉండె.”

“డీజిల్ ఎక్కువైతే నల్లగుంటది. నువ్వు చెప్పినట్టే ఉన్నది లెక్క. మరి ఎదురుంగ చాయ్ హోటల్ ముత్తయ్య నీలం పొగ వచ్చిందని అంటుండేంది? రోడ్డంత కమ్ముకున్నదట. బర్రెలు గుడ బెదిరినయట.”

“ముత్తయ్యకేం ఎరుక సారు. గాయన చూపు సక్కగ లేదు.”

“శ్రీధర్‌రావు బెదిరించిండా? నీకు పిల్లలున్నరు, ఒప్పుకో, నేను చూసుకుంట అన్నడా?”

“దొర ఏమనలే.”

“మరెవరి కోసం మింగుతున్నవ్ ఇది?”

సాంబయ్య కళ్లు మూసుకున్నాడు. “పోండ్రి సారు. మీకు దండం పెడ్త. మా ఆడిమనిషికి చెప్పుండ్రి, ఇగ తిరగొద్దని. ఏం అడగొద్దని. పిల్లలను పట్టుకొని సిరిసిల్ల పొమ్మనుండ్రి.”

మల్హర్‌రావు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. ఒళ్లు మండింది. డబ్బున్నవాడి తప్పును పేదవాడు నెత్తిన పెట్టుకోవడం ఆయన ఈ జిల్లాలో ఎన్నోసార్లు చూశాడు. ఈసారీ అదేననుకున్నాడు. అలా అనుకోవడంలోనే పొరబడ్డాడు. కానీ అది తెలియడానికి ఇంకా వ్యవధి ఉంది.

షెడ్డు దగ్గర సి.ఐ. దామోదర్ జీపు ముందే ఉంది. కిందటేడు జగిత్యాల లారీ కేసులో మల్హర్‌రావు దామోదర్ పరువు కోర్టులో తీశాడు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ మరిచిపోలేదు.

“ఏంది, మళ్ల తయారైనవ్?” అన్నాడు దామోదర్, టోపీ తీసి విసురుకుంటూ. “ముద్దాయి ఒప్పుకున్న కేసుల నీకేం పని?”

“ఒప్పుకున్నోడు అబద్ధమాడుతుండు. అదే పని.”

“నిన్నెవడు పిలిచిండు?”

“సచ్చినోని అక్క. నీకు అభ్యంతరముంటే ఆమెకు చెప్పు.”

దామోదర్ పళ్లు నూరాడు గాని తలుపు సీలు తీయించాడు. కాదంటే రేపు పేపర్లో ఏం వస్తుందో అతనికి తెలుసు.

లోపల మాడిన నూనె కంపు. బెంచీ మీద ఇంజను పక్కటెముకలు విరిగినట్టు పడి ఉంది. పిడికిలి పట్టేంత రంధ్రం. దాంట్లోంచి వంకరపోయిన రాడ్డు బయటికి పొడుచుకొచ్చింది. చుట్టూ గోడలూ నేలా నల్ల నూనె చిమ్మి ఉన్నాయి. ఇంజను గాలి పీల్చే గొట్టం ముందు ఒక చెక్క పలక పడి ఉంది. పలక అంచున వేళ్ల గుర్తులు. హనుమంతువి. ఆ గొట్టం నోరు మూసి ఇంజనుకు ఊపిరాడకుండా చేద్దామని, అందరూ బయటికి ఉరుకుతుంటే అతనొక్కడూ లోపలికి ఉరికాడు.

మల్హర్‌రావు ఆ పలక వైపు కాసేపు చూసి మొహం తిప్పుకున్నాడు.

శ్రీధర్‌రావు తెల్లటి ఖద్దరు చొక్కాలో గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, నూనె అంటకుండా. “చూసుకోండ్రి ఎంతన్న. పోరడు పోయిండని నాకు మాత్రం బాధ లేదా? సాంబయ్య మీద నమ్మకంతోని బంగారమసొంటి ఇంజను చేతుల పెట్టిన. స్క్రూ అడ్డగోలుగ తిప్పి పెట్టిండు. సీఐ సారు కండ్లార చూసిండు.”

“పొగ ఏ రంగుండె రావుగారూ?”

“ఆఁ? తెల్లగ... నీలంగ. కండ్లు మండినయి.”

“సాంబయ్య నల్లగ అంటుండు.”

“వాడేదో పరేషాన్‌ల అన్నడు కావచ్చు.”

మల్హర్‌రావు జేబులోంచి చిన్న టార్చి, భూతద్దం తీశాడు. డీజిల్ పంపు మీదికి వంగాడు. సాంబయ్యకు ఒక పద్ధతుందని షెడ్డు పనివాళ్లందరూ చెప్పారు. స్క్రూ బిగించాక దాని మీదినుంచి పంపు దాకా పసుపు రంగుతో ఒక గీత గీస్తాడు. తర్వాత ఎవరు తిప్పినా గీత విరిగి తెలిసిపోతుంది. ఇప్పుడు ఆ గీత విరిగి ఉంది. సగం స్క్రూ మీద, సగం పంపు మీద, మధ్య బాగా ఎడం.

“చూసినవా?” అన్నాడు దామోదర్ మీసం మీద చెయ్యేసి. “రెండున్నర చుట్లు ఎక్కువ తిప్పిండు. నేనే కొలిచిన.”

“కొలిచినవ్. చూడలే. ఇటురా.”

“నన్ను రమ్మంటున్నవా?”

“వస్తవా, రేపు కోర్టుల చూపియ్యాల్నా?”

దామోదర్ వచ్చాడు. మల్హర్‌రావు టార్చి వేశాడు. ఇంజను పగిలినప్పుడు చిమ్మిన నూనె పంపంతా పరుచుకుని, వేడికి తారులా ఎండిపోయింది. పసుపు గీత మీద కూడా ఆ తారు పొర ఉంది. స్క్రూను పట్టి ఉంచే నట్టు మూలల దగ్గర మాత్రం లేదు. అక్కడ పానా పళ్లు కొరికి తారు లేచిపోయి, కింద లోహం తళతళలాడుతోంది.

“నూనె ఎప్పుడు చిమ్మింది?”

“ఇంజను పలిగినప్పుడు.”

“పానా పెట్టిందెప్పుడు?”

దామోదర్ నట్టు మీదికి ఇంకా వంగి చూశాడు. నూనె పొర మీద పానా గుర్తు ఉందంటే, పానా నూనె తర్వాత పడింది. అంటే హనుమంతు చచ్చాక. అప్పటికి సాంబయ్య శవం మీద పడి ఏడుస్తూ, ఆనక లాకప్‌లో ఉన్నాడు.

“నువ్వు ముందు తలుపుకు సీలేసినవ్ దామోదర్. వెనక షట్టరు తాళం ఎవరి దగ్గరున్నది?”

ఇద్దరూ గుమ్మం వైపు తిరిగారు. శ్రీధర్‌రావు చొక్కా మీద నూనె పడలేదు గాని మొహం మీద మాత్రం చెమట పట్టింది.

“పానా పట్టింది నేనే” అన్నాడు చివరికి, నేల చూస్తూ. “ఇంజను మళ్ల స్టార్ట్ చెయ్యమన్నది నేను. గా సంగతి బయటపడితే నా మీదికొస్తదని... సాంబయ్య వద్దన్నడు. టర్బో విప్పి చూడాలె, అప్పటిదాక ముట్టొద్దన్నడు. అవతల కారు ఆసామి వస్తున్నడని నేను గదమాయించిన. హనుమంతు నా మాట కాదనలేక స్టార్ట్ చేసిండు.”

“మళ్ల స్టార్ట్ చేసిండా?” మల్హర్‌రావు గొంతు మారింది. “అంటే మొదలు ఒకసారి ఆగిందా?”

“ఆగింది. ఫుల్ లోడు మీద నడుస్తుండె. బ్రేకుకు నీళ్లిచ్చే ట్యాంకు కాడ ఏదో అడ్డం పడ్డదని సాంబయ్య, పోరడు ఇద్దరు ఎనక్కు పోయిన్రు. నేను ముందు రూంల ఫోన్ మాట్లాడుతున్న. ఉన్నట్టుండి చప్పుడు బందయింది.”

“నెమ్మదిగ తగ్గి ఆగిందా, టక్కున ఆగిందా?”

“టక్కున.”

మల్హర్‌రావు ఇంకేమీ అడగకుండా టర్బో గొట్టం విప్పడం మొదలుపెట్టాడు. ముప్పావుగంట పట్టింది. దామోదర్ రెండు సిగరెట్లు కాల్చాడు. బయటికి తీసిన టర్బోను మల్హర్‌రావు వెలుగులోకి తెచ్చి లోపలి ఇరుసును వేలితో కదిపాడు. వెంట్రుకవాసి కూడా కదలకూడని ఇరుసు గడగడలాడింది. నీలిరంగుకు మాడిపోయి, మధ్యలో బొగ్గు గడ్డ కట్టి ఉంది.

“సాంబయ్య గోడ మీద సున్నంతోని ఏం రాసిండో చదివినవా?” అన్నాడు. “లోడు దించి, అయిదు నిమిషాలు మెల్లగ నడిపి, అప్పుడే ఆపాలె అని. ఎందుకో తెలుసా? ఫుల్ లోడు మీద ఈ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతది. పక్కన ఇనుము ఎర్రగ కాలుతుంటది. దీన్ని కాపాడేది ఇంజను పంపే నూనె ఒక్కటే. ఇంజను టక్కున ఆపితే నూనె ఆగుతది. ఇది ఆగదు. ఒట్టిగ తిరుగుతది. మిగిలిన నూనె మాడి బొగ్గైతది, సీలు పోతది.”

“పోతే?”

“మళ్ల స్టార్ట్ చేసినప్పుడు నూనె నేరుగ గాలి గొట్టంలకు కారుతది. డీజిల్ ఇంజనుకు నూనె గుడ తిండే. ఇగ డీజిల్ బందు పెట్టినా ఆగదు. తన నూనె తానే తాగుకుంట పలిగేదాక ఉరుకుతది. నీలం పొగ అందుకే. డీజిల్ ఎక్కువ ఇచ్చి ఎవరూ సంపలే. పరుగు మీదున్న ఇంజనును ఒక్క గుంజుకు ఆపినోడు సంపిండు.”

చెప్పేసి శ్రీధర్‌రావు కళ్లలోకి సూటిగా చూశాడు. అంతా ఆ మనిషి కోసం చెప్పిందే.

“నేను కాదు” అన్నాడు శ్రీధర్‌రావు. “దేవుని తోడు. ఫోన్‌ల అవతల ఉన్నది ఆ కారు ఆసామే. అడుగుండ్రి. చప్పుడు ఆగుడు ఆయన గుడ విన్నడు.”

“ఆగు” అన్నాడు దామోదర్. ఇంతసేపూ దెబ్బ తిన్న మనిషి ఇప్పుడు మెల్లగా తేరుకుంటున్నాడు. “మల్హర్‌రావ్, మాట మార్చవు గద? ఇంజను ఆపినోడే హనుమంతును సంపినట్టా?”

“మార్చను.”

“పంచుల ముంగట చెప్తవా?”

“కోర్టుల గుడ చెప్త.”

“సరే.” దామోదర్ కానిస్టేబుల్‌ను పిలిచి పక్క దుకాణాల నుంచి ఇద్దరిని సాక్ష్యానికి పంచులుగా రప్పించాడు. మల్హర్‌రావు అన్నీ మళ్లీ చెప్పాడు, ఒక్క మాట పొల్లుపోకుండా. చెప్తున్నప్పుడు ఆయనకు హుషారుగా కూడా ఉంది. సాంబయ్య ఇవాళ రాత్రి ఇంట్లో అన్నం తింటాడు. శ్రీధర్‌రావు ఫోను సంగతి రేపటికల్లా తేలిపోతుంది. దామోదర్‌కు రెండోసారి గాలి తీసినట్టయింది. ఇంకేం కావాలి?

మేజిస్ట్రేటు దగ్గరికి పోయే ముందు మొగుడికి అన్నం పెట్టనిమ్మని అడగడానికి ఠాణాకు పోయిన చంద్రవ్వ, సారు ఇక్కడున్నాడని విని అటునుంచి అటే వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, తమ్ముడు పడ్డ చోటు చూడకుండా గోడ వైపు తిరిగి నిలబడింది.

“చంద్రవ్వా, నీ మొగడు తప్పు చెయ్యలే. తేలిపోయింది” అన్నాడు మల్హర్‌రావు.

ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఒక్క సంగతి చెప్పు. ఆ దినం నువ్వు సద్ది తెచ్చినవట గద. ఇంజను ఆగినప్పుడు ఇక్కడ ఎవరన్న కనవడ్డరా? ఈ రావుగారు గని, ఇంకెవరన్న గని?”

“ఎప్పుడు సారు? పీనుగ పోతున్నప్పుడా?”

“ఏం పీనుగ?”

“మా వాడకట్టు కనకవ్వ సచ్చిపోయింది సారు, పెద్దమనిషి. గీ రోడ్డెంటనే డప్పులు కొట్టుకుంట తీసుకపోయిన్రు. నేను గప్పుడే సద్ది తెచ్చి గీడ నిలవడ్డ. మా ఆయన, తమ్ముడు ఎనక ట్యాంకు కాడున్నరు. పీనుగ షెడ్డు ముంగటికే అచ్చింది. లోపల ఇంజనేమో ఒర్లుతున్నది.”

మల్హర్‌రావుకు ఆపమని చెప్పాలనిపించింది. దామోదర్ ఒక అడుగు ముందుకు వేసి, ఎంతో మెత్తగా అడిగాడు.

“అయితే?”

“మా సిరిసిల్లల పీనుగ లేసిందంటే వాడకట్టు బట్ట నేసే సాంచెలన్నీ బందు వెడ్తరు సారు. నూలు తెగినా సరే. సచ్చినోళ్లు పోతుంటే మిషిన్లు మొత్తుకోవద్దు గద, పాపం తగుల్తది. ఎవ్వరు లేకపాయె. ఏదన్న అయితే గీ తీగ గుంజు, ఇంజను ఆగుతదని మా ఆయన ఎన్నడో చూపెట్టిండు. గందుకే నేనే గుంజిన.”

“చంద్రవ్వా, ఇగ చాలు. ఏం చెప్పకు” అన్నాడు మల్హర్‌రావు.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. “ఎందుకు సారు? తప్పేం జెయ్యలే గద. కనకవ్వ కొడుకు గుడ చేతులు జోడించి పోయిండు. మా ఆయన ట్యాంకు కాడ్నుంచే నన్ను చూసిండు, ఏమనలే. గిన్నెలు తీసుకొని నేను ఇంటికి పోయిన. గా ఎనకనే గిదంత అయింది.”

సాంబయ్య ఎవరి కోసం మింగుతున్నాడో మల్హర్‌రావుకు అప్పుడు అర్థమైంది. జైలుకు పోవడానికి ఆ మనిషి ఎందుకంత తొందరపడ్డాడో కూడా. తమ్ముణ్ణి చంపిన చెయ్యి ఏదో ఆమెకు ఈ జన్మకు తెలియకూడదు. అంతే అతను కోరుకున్నది. ఆ ఒక్క అబద్ధాన్నీ తాను భూతద్దం పెట్టి వెతికి, విప్పి, ఇద్దరు పంచుల ముందు పెట్టి, మాట మార్చనని ప్రతిజ్ఞ కూడా చేశాడు. తన తెలివి మీద తనకే అసహ్యం పుట్టింది.

“దామోదర్, నేరముంటే మళ్ల స్టార్ట్ చెయ్యమన్నోనిది. ఈ మనిషిది కాదు” అన్నాడు గొంతు తగ్గించి. “నీకు దండం పెడ్త.”

“నువ్వే అన్నవ్ గద, ఆపినోడే సంపిండని.” దామోదర్ గొంతులో కోపం లేదు, ఎగతాళీ లేదు. తీరిగ్గా టోపీ పెట్టుకున్నాడు. “కోర్టుల గుడ చెప్తనంటివి. చెప్పు. శ్రీధర్‌రావుగారూ, మీరు గుడ రావాలె. చంద్రవ్వా, ఏ తీగ గుంజినవో జర చూపెట్టు.”

చంద్రవ్వ భయపడుతూనే లోపలికి వచ్చింది. నూనె మరకలు తప్పించుకుంటూ బెంచీ దగ్గరికి పోయి, ఎర్ర గుబ్బ ఉన్న తీగను రెండు వేళ్లతో పట్టుకుని చూపించింది. పంచులు ఇద్దరూ చూశారు.

“గిదే సారు. మరి మా ఆయన్ను ఇడిసినట్టేనా?”

“ఇడిసినట్టే” అన్నాడు దామోదర్. “పొద్దుమీకకముందే ఇంటికొస్తడు. నువ్వు జీపెక్కు.”

మొగుణ్ణి తీసుకురావడానికే పోతున్నామనుకుంది ఆమె. జీపు వెనక మెట్టు మీద కాలు పెట్టి, ఒక్క క్షణం ఆగి మల్హర్‌రావు వైపు తిరిగింది. మూడు రోజుల్లో మొదటిసారి ఆమె మొహంలో కాస్త జీవం కనిపించింది.

“మీ పుణ్యమే సారు” అంది. “నా తమ్ముని సంగతి గుడ గిట్లనే తేల్చుండ్రి.”